ఐబు చూపించిన చీర

మధ్యాహ్నం రెండు గంటలైతే చాలు, మా ఇంట్లో నేను దగ్గకూడదు. ఫ్యాను వేసుకోకూడదు, చెప్పులు ఈడ్చకూడదు, వంటింట్లోకి పోయి నీళ్లు ముంచుకుంటే చెంబు చప్పుడు కాకూడదు. ఎందుకంటే ఎల్బీనగర్‌లోని మా కిరాయి ఇంటి ముందుగదిలో, ఆ వేళకు మా కోడలు మూడు కాళ్ల కర్రకు ఫోను తగిలించి, ముఖం మీద గుండ్రటి దీపం వెలిగించుకొని పాత చీరలు అమ్ముతుంటుంది. కొనేవాళ్లు ఏ ఊళ్లలోనో కూర్చొని తమ తమ ఫోన్లలో చూస్తుంటారు. ఆమె చీర విప్పి కొంగు చూపిస్తుంది, వాళ్లు కింద నుంచి అక్షరాలు పంపిస్తారు, ముందు ఎవరు డబ్బు కడితే వాళ్లకు చీర. బేరం లేదు, గుమ్మం లేదు, ముఖం ఎరుక లేదు.

పాత చీరలు అంటే ఆమెకు కోపం. ప్రీ లవ్డ్ అనాలట. అంటే ఇదివరకు ఎవరో ప్రేమించినవి అని అర్థం చెప్పింది. హయత్‌నగర్ వైపు ఒక గోదాములో మూటలు మూటలుగా తూకానికి కొనుక్కొచ్చి, ఉతికి, ఆవిరి పట్టించి, ఫొటో తీసే ఈ బట్టల్ని ఎవరు ప్రేమించారో, ప్రేమించి మూటలో ఎందుకు కుక్కారో ఆమెకు తెలియదు, నేను అడగను. మా అబ్బాయి పని చేసిన కంపెనీ మూతబడ్డప్పటి నుంచి ఇంటికి బియ్యం ఆ ఫోను లోంచే వస్తున్నాయి. అందుకని దగ్గు వస్తే తుండు నోట్లో కుక్కుకొని వెనక వరండాలోకి పోతాను. కానీ ఒక్క సంగతి మాత్రం నా ఈడు వాళ్లకు చెప్పుకోకపోతే కడుపు ఉబ్బుతుంది. ఈ వ్యాపారం కొత్తది అనుకుంటున్నారు వీళ్లు. అయ్యా, ఇదే ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా, ఇవే పాత బట్టలతో మేము ఇరవై ఆరేళ్లు బతికాం.

మేం స్టీలు సామాన్ల వాళ్లం. మీలో చాలా మందికి గుర్తు ఉండే ఉంటుంది, పొద్దెక్కాక మగవాళ్లు ఆఫీసులకు, పిల్లలు బడులకు పోయి, ఆడవాళ్లకు కాస్త తెరిపి దొరికే వేళకు వీధిలో ఒక గొంతు వినిపించేది కదా, పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా అని, ఆ గొంతు నా భార్యది. నెత్తిన గిన్నెల గంప ఆమెది, భుజాన బట్టల మూట నాది. దుమ్ము రోడ్ల మీద అరిచి అరిచి ఆమెకు కేక మధ్యలో దగ్గు వచ్చేది. అలా దగ్గితే ఏదో ఒక గుమ్మం తెరుచుకొని, ముందు ఇన్ని మంచినీళ్లు తాగమ్మా అనేవాళ్లు, ఆ నీళ్లతోనే బేరం మొదలయ్యేది. ఆ దగ్గే మనకు బోణీ అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

అప్పట్లో ఎల్బీనగర్ అంటే ఊరవతల. ద్రాక్ష తోటలు, బండరాళ్లు, చలికాలం పొద్దున్నే చెవులు కోసే గాలి. అక్కడ ఒక రేకుల గదిలో ఉండి, కొత్తపేట మీదుగా నడుచుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ కాలనీలకు పోయేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు అప్పుడే ఇళ్లు కట్టుకుంటున్న రోజులు. ఆ అమ్మలకు పట్టు చీరలూ ఎక్కువే, బేరమాడే ఓపికా ఎక్కువే. నేను బడికి పోయినవాణ్ని కాదు. గిన్నె తీసుకున్నాక దాని మీద పేరు కొట్టించుకోవడం ఆ రోజుల ఆచారం కదా, చిన్న ఉలి, చిన్న సుత్తి పెట్టుకొని గుమ్మంలోనే కూర్చొని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇచ్చేవాణ్ని. వాళ్లు సుద్దతో రాసి చూపించిన అక్షరాన్ని చుక్కలతో దిద్దడం, అదే నా బడి. ఇంగ్లిషు అక్షరాలు ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టగొడుగుల్లా లేచిన కోచింగ్ సెంటర్ల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇవాళ్టికీ నేను రాస్తే అక్షరాలు గిన్నె మీద కొట్టినట్టే ఉంటాయని మా అబ్బాయి నవ్వుతాడు.

మూటలో వచ్చిన బట్టల్ని ఉతికి, కుట్లు వేసి, ఆదివారం మలక్‌పేట రోడ్డు పక్కన గోనె పరిచి అమ్మేవాళ్లం. అక్కడ నా భార్యకు ఒక పద్ధతి ఉండేది. చీర ఎంత బాగున్నా సరే, ముందు దాన్ని తిప్పి, చిరుగో మరకో ఎక్కడ ఉంటే అక్కడ కొనేవాళ్ల వేలు పెట్టించేది. దాన్ని మేము ఐబు అంటాం, అంటే లోపం. నేను వయసు వేడిలో ఒకటి రెండు సార్లు మడత కింద ఐబు దాచబోతే నా చేతి మీద కొట్టింది. "ఐబు ముందుగాల చూపియ్యి, ధర ఎన్కకు చెప్పు. దాసి అమ్మినోడు మల్ల ఆ గల్లీల ఎట్ల తిరుగుతడు?" అనేది. ఇంకొకటి, గోనె దగ్గరకు వచ్చి అడిగిన మనిషికి ఇయ్యను అనే మాట చెప్పకూడదు. లక్ష్మి కాళ్లకు అడ్డం పడ్డట్టట. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఐబే పెద్దది చేసి చూపించాలి, వాళ్లే వద్దనుకొని పోవాలి. మా వాళ్లందరిదీ అదే దారి.

ఆ దారి ఒకసారి ఆమెనే ముంచింది. మా అబ్బాయి పుట్టిన ఏడాది, మూటలో ఒక పసిపిల్ల స్వెటరు వచ్చింది. పచ్చటి ఉన్ని, తెల్లటి గుండీలు. చంక దగ్గర పురుగు కొట్టిన చిన్న తూటు తప్ప కొత్తదే. మా గదిలో రేకుల సందుల్లోంచి గాలి కొడుతున్న రోజులు, బిడ్డకే ఉంచుతానని ఆమె పక్కన పెట్టుకుంది. కానీ గోనె మీద దాని గుండీ ఒకటి బయటకు కనబడి, చంకలో బిడ్డతో ఒక కూలీ తల్లి వచ్చి అడిగింది. ఇయ్యను అనకూడదు కదా, మా ఆమె స్వెటరును తిరగేసి ఆ తూటులో వేలు పెట్టి ఆడించి చూపించింది, చూడమ్మా, పురుగు తిన్నది, రేపు మొత్తం ఊడిపోతది అని. ఆ తల్లి ఆ తూటు వంకా, తన బిడ్డ వంకా చూసి, పర్లేదక్కా, సూదితో నేనే కుట్టుకుంటా అంది. మా ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. స్వెటరు మడిచి ఇచ్చేసింది. ఇంటికి వచ్చాక నేను గొంతు చించుకున్నాను, నీకు బుద్ధి ఉన్నదా అని. "ఐబు చూపిచ్చినంక, ఆమె ఒప్పుకున్నంక, ఇగ అది మనది గాదు," అని బిడ్డకు మూడు పాత పంచెలు చుట్టి పక్కకు తిరిగి పడుకుంది. ఆ చలికాలమంతా పంచెల్లోనే పెరిగాడు వాడు.

ఇక చీర సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలనీ, పేరు ఎందుకు లెండి, ఒక కోస్తా ఇల్లాలు వంకాయ రంగు పట్టుచీర తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఆవపూవు రంగు అంచు. విప్పితే మధ్యాహ్నపు ఎండ కూడా వెలవెలబోయిన చీర. హారతి ఇస్తుంటే కర్పూరం నిప్పు పడి కొంగు దగ్గర అర్ధరూపాయి బిళ్లంత కాలింది. కాలిన పట్టు కట్టుకోకూడదని వాళ్ల అత్తగారు అన్నారట. మా ఆమె ఒక బియ్యపు డబ్బా ఇస్తానంది. ఆ ఇల్లాలు మూత కూడా కావాలంది.

"మూత లేని డబ్బా ఏం చేసుకోనమ్మా, నెత్తిన బోర్లించుకోనా?"

"గీ కాలిన చీరకు డబ్బనే ఎక్కువ. ఇయ్యాల మూతంటవ్, రేపు అండ్ల పోసుకోనీకి బియ్యం గూడ నేనే తేవాల్నంటవ్."

"తెస్తే వద్దంటానా? సన్నబియ్యం తీసుకురా!"

ఇద్దరూ నవ్వారు. మూత ఇచ్చాం. డబ్బా మీద ఆ ఇల్లాలి అత్తగారి పేరు నేనే కొట్టాను, అది తన పేరు కాదని ఆమె మూతి ముడుచుకుంది కూడా.

ఆ చీరను మాత్రం మా ఆమె గోనె మీదకు రానివ్వలేదు. ఎన్ని వేల బట్టలు మన చేతుల మీదుగా పోయినయి, ఒక్కటి ఆగితే తప్పా అంది. మలక్‌పేటలో రఫూ చేసే ఒక ముసలి సాయిబు దగ్గర గంటలు గంటలు కూర్చొని ఆ పని చూసి వచ్చి, ఆ చీర లోపలి చెంగు నుంచే ఒక్కొక్క పోగు లాగి, ఆ పోగులతోనే కాలిన చోట మళ్లీ నేత నేసింది. ఒక ఎండాకాలమంతా పట్టింది. పైనుంచి చూస్తే ఎవరి తరమూ కాదు కనిపెట్టడం. తిరగేసి బొటనవేలితో తడిమితేనే ఎండిన అన్నం మెతుకంత గట్టిగా తగిలేది. పండక్కీ పెళ్లికీ ఆ చీరే. ఆ కాలనీ మీదుగా మాత్రం ఎన్నడూ ఆ చీరతో పోలేదు, ఆ ఇల్లాలు చూసి మూతతో పాటు సన్నబియ్యం కూడా అడుగుతుందేమో అని నవ్వేది. అబ్బాయి పెళ్లిలో అదే కట్టుకొని కోడలికి హారతి ఇచ్చింది. కొంగు నడుములోకి ఎంత గట్టిగా దోపుకుందో, మళ్లీ ఎక్కడ నిప్పు పడుతుందోనని.

ఆమె పోయి ఆరేళ్లయింది. చీర బీరువాలో ఉండేది. నేనెప్పుడైనా తలుపు తీసి, కొంగు తిరగేసి, ఆ మెతుకు మీద వేలు పెట్టి మళ్లీ మడిచేవాణ్ని. అంతకు మించి నాకు ఆ చీరతో పని లేదు.

పోయిన వర్షాకాలంలో ఒకరోజు కోడలు నన్ను అడిగే తీసుకుంది. వెనక గోడ పెచ్చులూడి ఫోనులో అసహ్యంగా కనిపిస్తోందని, ఆ చీరను గోడకు తెరలా వేలాడదీస్తే అందంగా ఉంటుందని. తీసుకోమన్నాను. లోపల సంతోషం కూడా కలిగింది, ఆమె చీర పదిమందికి కనబడుతుంది కదా అని. సరిగ్గా అమ్మకం నడుస్తుండగా కొరియరతను వచ్చి కింద హారను కొడుతున్నాడు. పొట్లాలు ఎత్తుకొని పోతూ, "మామా, జర ఫోన్ ముంగట కూసో. రెండు నిమిషాలల్ల ఒస్తదని చెప్పు, ఇంకేం మాట్లాడకు," అంది.

ఆ చివరి మాట వినాల్సింది.

కూర్చున్నాను. నా ముఖం నాకే కనబడుతోంది, కింద నుంచి అక్షరాలు పైకి పాకుతున్నాయి. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. కూడబలుక్కొని చదివాను. అంకుల్ సూపర్ అని ఒకరు. అంకుల్ మీరు కూడా ప్రీ లవ్డ్ ఏనా అని ఇంకెవరో. ఆ వెనకే ఒకామె, తాతగారూ, మీ వెనకాల ఉన్న వంకాయ రంగు చీర ఎంతండీ అని అడిగింది.

నా ఈడు వాళ్లారా, ఏం చెప్పమంటారు? అది అమ్మేది కాదమ్మా అంటే అయిపోయేది. మూడే మాటలు. కానీ నలభై ఏళ్లుగా నా నాలుక మీద లేని మాటలు అవి, సమయానికి ఎక్కడి నుంచి వస్తాయి? చెయ్యి తన అలవాటు చొప్పున తాను లేచింది. చీర కొంగు తీసి, తిరగేసి, దీపం ముందు పెట్టి, "అమ్మా, ఇది కాలిన చీర. ఇగో, ఇక్కడ రఫూ ఉన్నది. నా భార్య చేసింది," అన్నాను. కాలిన పట్టు ఎవరు కట్టుకుంటారు, తనే వద్దనుకొని పోతుందని నా ధీమా. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ రఫూ ఎవరికైనా చూపించాలని ఆరేళ్లుగా లోపల ఒక కోరిక ఉండిపోయింది. ఆ ధీమా ఎంతో, ఈ కోరిక ఎంతో నేనిప్పుడు విడదీసి చెప్పలేను.

పర్లేదండీ, నాకు కావాలి, బుక్ చేసేయండి అని అక్షరాలు వచ్చాయి.

కోడలు మెట్లెక్కి వచ్చేసరికి నేను చేతిలో కొంగుతో అలాగే ఉన్నాను. సంగతి తెలిసి ఫోను మూసేసి నెత్తి కొట్టుకుంది. "మామా, ఏం పని జేసినవ్! గది అత్తమ్మ చీర. అందానికి ఏలాడదీసిన. ఆగు, సారీ చెప్పి క్యాన్సిల్ జేస్తా, గంతే," అంది. ఆమె అన్నది న్యాయమే, ఆ కొన్నామె కూడా ఏమీ అనేది కాదేమో. వద్దన్నాను. ఐబు చూపించాను, ఒప్పుకుంది, ఇక అది మనది కాదన్నాను. చలిలో బిడ్డ స్వెటరు ఇచ్చేసిన మనిషి చీరను ఆ మాట తప్పి ఎలా దాచుకోను? కోడలికి నా పట్టుదల ముసలితనపు మొండితనంలా కనిపించింది. అయినా ఒక ఉపాయం చేసింది, ఎవరూ కొనలేనంత ధర పెట్టి పంపింది. నేను చెంబెడు నీళ్లు తాగి వచ్చేలోపు డబ్బు పడ్డట్టు ఫోను టింగుమంది.

చీర నేనే మడిచాను. మా పద్ధతి ప్రకారం ఐబు పైకి వచ్చేలా మడిచాను. మడత సరిగా రాక మూడు సార్లు విప్పాను. ప్లాస్టిక్ సంచిలో పెట్టి అంటించేముందు కోడలు నా వంక చూసింది, ఇప్పటికైనా వద్దంటానేమోనని. నేను గోడ పెచ్చులు చూస్తూ కూర్చున్నాను.

నెల రోజుల తర్వాత ఆ కొన్నామె ఫొటో పంపింది. కోడలు రెండు రోజులు నాకు చూపించలేదు, మూడో రోజు కూరలో ఉప్పు రెండు సార్లు వేసింది, అప్పుడు అడిగితే ఫోను చేతికిచ్చింది. ఏదో పెళ్లి మంటపంలో ఒక పిల్ల, పొడుగు గౌను వేసుకొని గిర్రున తిరుగుతోంది. వంకాయ రంగు, కింద ఆవపూవు అంచు. కింద రాత ఉంది. చీర చాలా బాగుందట, అందరూ అడిగారట, ఆ కాలిన పార్టు మాత్రం టైలరుతో కట్ చేయించేశాం అని.

నాకు మొదట కోపమే వచ్చింది, దాచను. కట్ చేయడానికి దానికి చేతులెలా వచ్చాయి అని అరిచాను. అరిచాక తెలిసింది, ఎవరి మీద అరవాలి? ఆమె దొంగతనం చేసిందా? నేను చూపించాను, అది ఐబు అని నేనే నా నోటితో చెప్పాను. ఐబు అని చెప్పి అమ్మినదాన్ని ఐబు అని కోసి పారేసింది. ఆ గుడ్డలో ఆ పిల్ల చక్కగా ఉంది కూడా.

ఆ కోసిన ముక్క అయినా పంపమని అడగమన్నాను. అరచేతి వెడల్పు ఉంటే చాలు, కొరియరు ఖర్చు మనమే పెట్టుకుందామన్నాను. కోడలు పాపం బతిమాలుతూ రాసింది. రెండు నీలం గీతలు పడ్డాయి, అంటే ఆమె చదివిందట. జవాబు రాలేదు. మర్నాడూ రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. టైలరు దుకాణంలో నేల ఎన్ని సార్లు ఊడుస్తారో నాకు తెలియనిది కాదు.

ఆ పొట్లం మీది చిరునామా నేను ముందే కాగితం మీద దింపుకొని పెట్టుకున్నాను, నా చుక్కల రాతలో. అది ఏదో వేరే రాష్ట్రంలో ఉంది. ఒకసారి పోయి వద్దామా అంటే మా అబ్బాయి నా మోకాళ్ల వంక చూసి, "పోయి ఏమని అడుగుతవు నాయినా?" అన్నాడు. ఆ మాట కరుకుగా అనలేదు, మెల్లగానే అన్నాడు. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను, ఏమని అడగాలని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ గుమ్మం ముందు ఏ మాట అనాలో ఎరిగిన వాణ్ని నేను. అమ్మిన గుడ్డ తిరిగి అడగడానికి మాత్రం మా దగ్గర మాటే లేదు, మేము తయారు చేసుకోలేదు.

కోడలు మళ్లీ ఆ గోడకు వేరే గుడ్డ కట్టింది. ఈమధ్య చీర విప్పగానే ముందు మరక చూపిస్తోంది, నాకోసం చేస్తోందో, నిజంగా నేర్చిందో నేను అడగలేదు. అలా చూపించిన రోజు అమ్మకాలు తక్కువ ఉన్నాయని అబ్బాయితో గొణగడం మాత్రం విన్నాను. అలా చేయమని ఆమెకు చెప్పలేను, మానుకోమనీ చెప్పలేను.

ఇప్పుడు కూడా మా వీధిలోకి స్టీలు సామాన్ల ఆటో వస్తుంది. సరిగ్గా రెండు గంటల వేళకే వస్తుంది. దాని మీద మైకు పెట్టి, ఎవరో ఆడమనిషి గొంతు ఒకసారి రికార్డు చేసి వదిలేశారు. మెట్రో స్తంభాల దాకా అదే కేక, అదే స్వరం, ఒక్క అక్షరం తడబడదు. ఆ గొంతుకు దాహం వేయదు, దగ్గు రాదు. ఎవరూ తలుపు తీసి మంచినీళ్లు ఇవ్వరు. నేను కిటికీ దగ్గర నిలబడి వింటుంటాను. ముందుగదిలో కోడలు అమ్మకం నడుస్తుంటుంది. నాకు దగ్గు వస్తుంది, తుండు తీసుకొని నోటికి అడ్డం పెట్టుకుంటాను.